ఎవరి మాట కవిత్వమవుతుంది?

(బెంగళూరులో తెలుగు పాఠకులు కలుసుకున్న ఒక ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసి పెడుతున్నాం.)

అందరికీ నమస్కారం. ఇంత ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వచ్చారు. వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చినవాళ్లున్నారు, కె.ఆర్. పురం నుంచి వచ్చినవాళ్లున్నారు, హొసూరు నుంచి కూడా వచ్చారని ఇప్పుడే చెప్పారు. చాలా సంతోషం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోంది కదా?

నన్ను పిలిచిన మిత్రులు ఒక మాట అడిగారు. "సార్, మీ బల్ల మీద ఎప్పుడూ మూడు రకాల పుస్తకాలు కలిసి ఉంటాయి. అధికారం గురించి సమాజశాస్త్రవేత్తలు రాసినవి, ప్రయోగ కవిత్వం, అనువాదాలు. వీటికి ఒకదానితో ఒకటికి ఏమిటి సంబంధం?" అని. మంచి ప్రశ్న. జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత దానికి ఆధారాలు చూపిస్తాను. నలుగురు నాలుగు రకాలుగా మాట్లాడే చోట, ఒకరిది భాష అవుతుంది, మిగతావాళ్లది యాస అవుతుంది. అలా ఎవరు తేలుస్తారు? దాన్నే అధికారం అంటున్నాను. మంచి ప్రయోగ కవి ఆ తీర్పును ఒప్పుకోడు. ఇక ఆ ఒప్పుకోకపోవడం పక్క భాషవాడికి తెలుస్తుందా, తెలిస్తే ఎవరి ద్వారా తెలుస్తుంది? అక్కడ అనువాదం వస్తుంది. బెంగళూరులో ఉన్న మనకు ఈ మూడో సంగతి అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో చెబుతాను.

ముందు అధికారం. అందరూ మాక్స్ వెబర్‌తో మొదలుపెడతారు. ఆయన 1920లో పోయాడు, 'ఎకానమీ అండ్ సొసైటీ' 1922లో వచ్చింది. ఎదుటివాడు అడ్డం పడ్డా సరే, నా ఇష్టం నెగ్గించుకోగల అవకాశం నాకుంటే, అది అధికారం. ఆయన చెప్పిన సారాంశం ఇది. పల్లెల్లో పెరిగినవాళ్లకు ఈ సంగతి పుస్తకం చూసి నేర్చుకోవాల్సిన అవసరం లేదు. అందుకని వెబర్ దగ్గర ఎక్కువసేపు ఆగను.

నేను ఆగేది స్టీవెన్ లూక్స్ దగ్గర. 'పవర్: ఎ రాడికల్ వ్యూ', 1974. చిన్న పుస్తకం, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. తర్వాతి ముద్రణల్లో బాగా పెంచాడు గానీ, అసలు వాదం ఆ మొదటి చిన్న పుస్తకంలోనే ఉంది. ఆయన ఏమంటాడు? అధికారాన్ని మూడు లోతుల్లో చూడాలి అంటాడు. పైకి కనిపించేది మొదటిది: గొడవ వచ్చింది, ఎవరి మాట నెగ్గింది? రాబర్ట్ డాల్ 1961లో న్యూ హేవెన్ నగరం మీద రాసిన 'హూ గవర్న్స్?'లో చూసింది ఇదే. రెండోది, అసలు ఏ గొడవ చర్చకే రాకుండా ఆపేశారు? బాక్రాక్, బారాట్జ్ అని ఇద్దరు 1962లో ఈ ప్రశ్న వేశారు. ఇక మూడోది లూక్స్ సొంతంగా చేర్చింది. తనకు అన్యాయం జరుగుతోందని మనిషికి అనిపించకుండానే చేయడం. ఇది ఇంతే, ఇది సహజం, దీంట్లో అడగడానికేముంది అని వాడే అనుకునేలా చేయడం. అన్నిటికంటే గట్టి అధికారం అదే అంటాడు. అక్కడ పోలీసు అక్కర్లేదు, కర్ర అక్కర్లేదు.

ఇది మన తెలుగుకు పెట్టి చూడండి. గ్రాంథికమా, వ్యావహారికమా? 1910లలో మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద యుద్ధమే జరిగింది. ఒకవైపు జయంతి రామయ్య పంతులు, ఇంకోవైపు గిడుగు రామమూర్తి. ఎవరు నెగ్గారు? అప్పటికి గ్రాంథికం, కాలక్రమంలో వ్యావహారికం. ఇది మొదటి లోతు. గిడుగు గురించి నాకెంతో గౌరవం. ఆయన పర్లాకిమిడిలో పిల్లలకు పాఠాలు చెబుతూ, కొండల్లోని సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషకు పుస్తకాలు తయారుచేసిన మనిషి. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం అచ్చయింది. బడిలో అడుగు పెట్టనివ్వని భాషను అలా చెవిపెట్టి విన్న మనిషే తెలుగులో మాట్లాడే భాష కోసం కొట్లాడాడు. ఆ రెండు పనులకూ మూలం ఒకటే.

మరి రెండో లోతుకు వెళ్దాం. వ్యావహారికం నెగ్గింది సరే, ఎవరి వ్యావహారికం? కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల్లో చదువుకున్న పై కులాలవాళ్లు ఇంట్లో మాట్లాడే వ్యావహారికం. అనంతపురం మాట, పాలమూరు మాట, మాలపల్లె మాట, ఇవి చర్చకే రాలేదు. ఓడిపోవడానికి బరిలో ఉండాలి కదా, ఇవి బరిలోకే రాలేదు.

ఇక మూడో లోతు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగానికి సగం మంది మన వైపువాళ్లే అనుకుంటాను. హిందూపురం, మదనపల్లె, కదిరి, ఇటు కోలారు, చింతామణి. చెయ్యెత్తండి ఒకసారి... చూశారా. మీలో ఎంతమంది బెంగళూరు ఆఫీసులో ఇంకో తెలుగువాళ్లు కనిపించగానే "యాడికి పోతాండారు" అన్న నోటిని సర్దుకుని "ఎక్కడికి వెళ్తున్నారు" అన్నారు? మిమ్మల్ని ఎవరైనా కొట్టారా? తిట్టారా? లేదు. ఎవరూ ఏమీ అనకముందే మనమే సర్దుకున్నాం. లూక్స్ చెప్పే మూడో లోతు అంటే ఇదే. పుస్తకంలో చదివినప్పుడు ఏదో సిద్ధాంతంలాగా ఉంటుంది. మన నోట్లోనే ఉంది అది.

దీన్ని ఇంకా సూక్ష్మంగా పట్టుకున్నవాడు ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త పియరీ బోర్దియు. 'లాంగ్వేజ్ అండ్ సింబాలిక్ పవర్' అని ఇంగ్లీషులో 1991లో వచ్చింది. అందులో ఒక సంఘటన చెబుతాడు. ఫ్రాన్స్‌కు నైరుతి మూలన బెయార్న్ అని ఒక ప్రాంతం ఉంది, బోర్దియు పుట్టింది అక్కడే. ఇంట్లో బెయార్నే మాట్లాడేవాళ్లు, బడిలో ఫ్రెంచి. 1974లో ఆ ప్రాంతపు ముఖ్య పట్టణం 'పో'. ఆ ఊళ్లో, బెయార్నేలో రాసిన ఒక కవి గౌరవార్థం సభ జరిగింది. పట్టణ మేయరు లేచి బెయార్నేలో మాట్లాడాడు. సభ కరిగిపోయింది. ఎంత గొప్ప మనసు, మన భాషలో మాట్లాడాడు అని పత్రికలో కూడా రాశారు.

ఇందులో వింత ఏముంది? ఆలోచించండి. అక్కడున్నది బెయార్నే వాళ్లే. సభ బెయార్నే కవికి. మేయరు బెయార్నే మనిషే. బెయార్నేలో మాట్లాడకపోతే కదా ఆశ్చర్యపోవాలి? కానీ సభల్లో మాట్లాడే భాష ఫ్రెంచే అని అందరూ లోలోపల ఒప్పేసుకున్నారు. అందుకే ఆయన సొంత భాషలో మాట్లాడటం దానంలాగా, దయలాగా కనిపించింది. పైగా ఆయనకు ఫ్రెంచి బాగా వచ్చని అందరికీ తెలుసు కాబట్టే అది దయ అయింది. అదే మాటలు ఒక పల్లె రైతు అదే వేదిక మీద అంటే? ఫ్రెంచి రాదు పాపం అనుకునేవాళ్లు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. పెద్ద ఆడిటోరియం, పెద్ద కంపెనీ పెద్దాయన స్టేజీ మీదికి వచ్చి "అందరికీ నమస్కారం, బాగున్నారా" అంటాడు. హాలంతా ఒకటే చప్పట్లు. తర్వాత గంటసేపు ఇంగ్లీషు. ఆ చప్పట్లు మనం దేనికి కొట్టాం? మన భాషకు కొట్టామా, ఆయన దిగివచ్చినందుకు కొట్టామా? బోర్దియు చదివాక ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మన దగ్గరివాళ్లు అధికారం మీద రాయలేదా అంటారేమో. రాశారు. అంబేడ్కర్ 'కుల నిర్మూలన' 1936. అది చదవకుండా ఈ దేశంలో అధికారం గురించి మాట్లాడటం కుదరదు. ఇంకా దగ్గరగా, ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు మనిషి, చివరి ఏళ్లు ఇదే ఊళ్లో గడిపి 1999లో ఇక్కడే పోయారు. ఆధిపత్య కులం అన్న ఆలోచన ఆయనదే. శాస్త్రంలో పై మెట్టు మీద ఉన్నవాడు ఊళ్లోనూ పై మెట్టు మీద ఉండాలని లేదు. భూమి, జనం లెక్క, ఆఫీసుల్లో పలుకుబడి, ఇవి ఎవరికుంటే ఊరు వాళ్ల మాట వింటుంది. మైసూరు దగ్గర పల్లెలో ఆయన రాసుకున్న నోట్స్ 1970లో అమెరికాలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. అప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడి రాసిందే 'ది రిమెంబర్డ్ విలేజ్', 1976లో వచ్చింది. ఈ పుస్తకాన్ని నవల చదివినట్టు చదవొచ్చు.

ఇక్కడ నుంచి ఫ్రీడమ్ పార్కు ఎంత దూరం? మెజెస్టిక్ పక్కనే. మీలో చాలామంది వెళ్లే ఉంటారు. అది పాత సెంట్రల్ జైలు, 2008లో పార్కు చేశారు. లోపల కాపలా గోపురం అలాగే ఉంచారు. ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో 'డిసిప్లిన్ అండ్ పనిష్' 1975లో ఫ్రెంచిలో వచ్చింది. అందులో ఆయన బెంథామ్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1791 నాటి జైలు నమూనా తీసుకుంటాడు. మధ్యలో గోపురం, చుట్టూ గదులు. గోపురంలో నిజంగా కాపలావాడు ఉన్నాడో లేడో ఖైదీకి తెలియదు. తెలియదు కాబట్టి ఎప్పుడూ ఉన్నట్టే నడుచుకుంటాడు. ఆ పుస్తకం పట్టుకుని ఒకసారి ఫ్రీడమ్ పార్కుకు వెళ్లండి. ఆ గోపురం కింద నిలబడి ఆ అధ్యాయం చదవండి. ఇంకోటి కూడా గమనించండి. ఈ ఊళ్లో ఇప్పుడు ధర్నా చేయాలంటే ప్రభుత్వం చూపించే చోటు కూడా అదే.

ఫూకో పుస్తకం ప్యారిస్‌లో వచ్చిన ఆ 1975లోనే ఆ జైల్లోకి వాజపేయి, అద్వానీలను తెచ్చి పెట్టారు. ఎమర్జెన్సీ. మరుసటి ఏడు మే నెలలో ఇంకొకరిని తెచ్చారు. స్నేహలతా రెడ్డి. నాటకం మనిషి, సినిమా నటి. ఆమెకు తీవ్రమైన ఆస్తమా. విచారణ లేదు, మీసా అనే నిర్బంధ చట్టం కింద నెలల తరబడి ఉంచేశారు. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 20న చనిపోయారు. ఐదు రోజులు. జైల్లో ఆమె రాసుకున్న డైరీ తర్వాత అచ్చయింది. అధికారం మీద సిద్ధాంతాలు ఎన్ని చదివినా, ఆ డైరీ కూడా చదవండి. ఒక్క మనిషి ఊపిరి మీద అధికారం ఎలా పనిచేస్తుందో అందులో ఉంది.

స్నేహలత ఎవరి భార్య? మన పఠాభి భార్య. తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. నెల్లూరువాడు. నా మూడు రకాల పుస్తకాలను మూడు అరలు అనుకుంటే, ఇక్కడ మనం రెండో అరలోకి, ప్రయోగ కవిత్వంలోకి వస్తున్నాం.

1939లో, ఇరవై ఏళ్ల కుర్రవాడు, 'ఫిడేలు రాగాల డజన్' అని పన్నెండు కవితలతో చిన్న పుస్తకం వేశాడు. దానికి ముందుమాట శ్రీశ్రీ. అప్పటికి 'మహాప్రస్థానం' పుస్తకంగా ఇంకా రాలేదు, అది 1950లో వచ్చింది. తెలుగు కవిత్వమంతా వెన్నెల, ప్రేయసి, ఏకాంతం అని నడుస్తున్న రోజులు. ఈ కుర్రవాడు మద్రాసు నగరాన్ని పట్టుకున్నాడు. కార్లు, ఎలక్ట్రిక్ దీపాలు, తెలుగులో ఇంగ్లీషు కలిపేయడం, పదాన్ని మధ్యలో విరిచి పక్క లైనులోకి తోసేయడం. పద్యం నడుము విరగ్గొడతానన్నాడు, చిన్నయసూరి వ్యాకరణాన్ని శిక్షిస్తానన్నాడు. బాహాటంగా అన్నాడు.

ఎనభై ఏళ్లు దాటాయి. ఇప్పుడు చదివితే ఎలా ఉంది? కొన్ని కవితలు పాతబడ్డాయి, దాచడం ఎందుకు. ఆడవాళ్లను చూసే చూపు కొన్నిచోట్ల నాకు నచ్చదు. కానీ ఆ ధైర్యం పాతబడలేదు. కవిత్వానికి ఒక భాష ఉంది, మిగతాది కవిత్వానికి పనికిరాదు అన్న నమ్మకాన్ని అంత తేలిగ్గా, అంత హాయిగా తన్నినవాడు అంతకుముందు లేడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పఠాభి పద్యాన్ని ఎందుకు విరగ్గొట్టగలిగాడు? కలిగిన కుటుంబం, తర్వాత కొలంబియా యూనివర్సిటీ దాకా చదువు. అతనికి పద్యం రాదని ఎవరూ అనలేరు, అన్నా అతనికి పోయేదేమీ లేదు. ఇంకో కవిని తీసుకుందాం. గుర్రం జాషువా. 'గబ్బిలం' 1941. అంటే పఠాభికి సరిగ్గా రెండేళ్ల తర్వాత. జాషువా ఏం చేశాడు? పద్యాన్ని విరగ్గొట్టలేదు. పైగా కాళిదాసు మేఘసందేశం చట్రాన్నే తీసుకున్నాడు. మేఘం ఉన్న చోట గబ్బిలాన్ని పెట్టాడు. ఎందుకు గబ్బిలం? ఆ కావ్యంలో మాట్లాడే మనిషి అస్పృశ్యుడు. గుడిలోకి అతను వెళ్లలేడు, గబ్బిలం వెళుతుంది. శివుడి చెవి దగ్గర వేలాడుతుంది. కాబట్టి కాశీలో ఉన్న శివుడికి ఆ అస్పృశ్యుడు తన బాధను దానితో చెప్పి పంపిస్తాడు.

ఇది ప్రయోగ కవిత్వం కాదా? మన విమర్శకులు చాలామంది ప్రయోగం అనగానే విరిగిన లైన్లు, అధివాస్తవికత, ఇంగ్లీషు మాటలు వెతుకుతారు. జాషువాను సంప్రదాయ పద్యకవుల అరలో పెడతారు. నేను ఒప్పుకోను. పద్యం నీది కాదు పో అన్నవాళ్ల ముందు, వాళ్లకంటే బాగా పద్యం చెప్పి, వాళ్ల కాళిదాసు చట్రంలోనే వాళ్ల గుడిని నిలదీయడం. 1941లో అంతకంటే పెద్ద ప్రయోగం ఏముంది? ఎవరు ఏ రూపాన్ని విరగ్గొట్టారు అని మాత్రమే చూస్తే సరిపోదు. విరగ్గొట్టే హక్కు ఎవరికి ఉండింది, రూపాన్ని ముందు చేజిక్కించుకోవాల్సిన అవసరం ఎవరికి ఉండింది? బోర్దియును చదివినందుకు నాకు దక్కిన లాభం ఇది. జాషువాను కొత్తగా చదవగలిగాను.

దిగంబర కవుల గురించి క్లుప్తంగా చెబుతాను, మీకు తెలిసిందే. ఆరుగురు. 1965, 1966, 1968, మూడు సంపుటాలు. వాళ్ల కవితల్లో కొన్ని కేకలుగానే మిగిలాయని నా అభిప్రాయం. కానీ ఆవిష్కరణలు! హైదరాబాదులో అర్ధరాత్రి రిక్షా కార్మికుడి చేత మొదటిది. విజయవాడలో హోటల్ కార్మికుడి చేత రెండోది. విశాఖపట్నంలో బిచ్చగత్తె చేత మూడోది. పుస్తకాన్ని పవిత్రం చేసే చెయ్యి ఎవరిది అన్న ప్రశ్న అది. మన సభల్లో ఇప్పటికీ పుస్తకావిష్కరణకు ఎవరిని పిలుస్తాం? ఆలోచించండి.

ఇప్పుడు మళ్లీ పఠాభి. ఆయన తర్వాత బెంగళూరు చేరాడు, 2006లో చనిపోయేదాకా ఇక్కడే. ఈ ఊళ్లో ఆయన చేసిన పెద్ద పని ఏమిటి? 'సంస్కార'. అనంతమూర్తి 1965లో రాసిన కన్నడ నవల. అనంతమూర్తి దాన్ని రాసింది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటున్నప్పుడు. దాన్ని సినిమా తీసినవాడు నెల్లూరు తెలుగు కవి. స్క్రీన్‌ప్లే గిరీశ్ కర్నాడ్. కెమెరా ఒక ఆస్ట్రేలియన్. చంద్రి పాత్ర స్నేహలత. మద్రాసు సెన్సారు ముందు ఆపేసింది, తర్వాత అదే 1970కి జాతీయ ఉత్తమ చిత్రం అయింది. తెలుగులో పద్యం నడుము విరగ్గొట్టిన మనిషే అగ్రహారం మీద కన్నడ నవలను తెరకు ఎత్తుకున్నాడు, ఆ ఇంటి మనిషే సెంట్రల్ జైలుకు వెళ్లింది. నేను మూడు అరలు అంటున్నానే, ఆ ఇంట్లో అవి మూడు అరలు కావు.

సరే, అనువాదం. 'సంస్కార'ను ఎ.కె. రామానుజన్ 1976లో ఇంగ్లీషు చేశారు. అంతకుముందు 1973లో ఆయన 'స్పీకింగ్ ఆఫ్ శివ' వచ్చింది. వచనాలు, అంటే కన్నడ శివభక్తులు చెప్పిన చిన్న కవితలు, వాటి ఇంగ్లీషు అనువాదం. బసవన్న, అల్లమ, అక్క మహాదేవి. చదివితే ఇప్పుడే ఎవరో రాసినట్టుంటాయి. ఎంత అందమైన పుస్తకం! నాకు చాలా ఇష్టం. అయితే 1992లో తేజస్విని నిరంజన 'సైటింగ్ ట్రాన్స్‌లేషన్' అని ఒక పుస్తకం రాశారు. ఆమె అడిగింది ఏమిటి? బ్రిటిష్ జడ్జి విలియం జోన్స్ మనుస్మృతిని ఇంగ్లీషులోకి తెచ్చి 1794లో అచ్చు వేయించినప్పుడు, అది సాహిత్య సేవ మాత్రమే కాదు, పాలించడానికి కావలసిన పని. అనువాదం అక్కడ అధికారానికి పనిముట్టు. మరి మన కాలంలో వచనాలను పడమటి పాఠకుడికి ప్రొటెస్టంట్ భక్తితో పోల్చి, ఆధునిక కవితల్లాగా చేసి ఇస్తే, ఏం పోతోంది? రామానుజన్‌నే నిలదీశారు. అల్లమ వచనాన్ని మళ్లీ అనువదించి చూపించారు.

వీళ్లలో ఎవరు ఒప్పు అని నన్ను అడగొద్దు, నేను రామానుజన్ చదవడం మానలేదు, నిరంజన ప్రశ్నను పక్కన పెట్టనూ లేదు. కానీ మనకు, తెలుగువాళ్లకు, ఇంకో ప్రశ్న ఉంది. వచనాలు చదవడానికి మనకు పెంగ్విన్ వాళ్లు వేసిన ఆ ఇంగ్లీషు పుస్తకం ఎందుకు అవసరమైంది?

పాల్కురికి సోమనాథుణ్ని తలుచుకోండి. పదమూడో శతాబ్దం. బసవన్న కథను తెలుగులో చెప్పాడు. ఏ ఛందస్సులో? ద్విపదలో. వృత్తాలు రాయడం చేతకాక కాదు, ద్విపద అందరికీ అందుతుంది కాబట్టి జాను తెనుగులో ద్విపద రాస్తున్నానని ఆయనే చెప్పుకున్నాడు. రాజాస్థానపు పద్యాన్ని కాదని జనం పాడుకునే రూపం ఎంచుకున్నాడు. తర్వాత ఏమైంది? 1369లో భీమకవి ఆ తెలుగు బసవపురాణాన్ని కన్నడంలో చేశాడు. కన్నడ నేల మీద పుట్టిన బసవన్న కథ తెలుగులో కావ్యమై మళ్లీ కన్నడానికి వెళ్లింది. మధ్యలో ఏ మూడో భాషా లేదు. ఆరు వందల యాభై ఏళ్ల కిందటి మాట! ఇప్పుడు మనం ఎక్కడున్నాం?

2025 మే నెలలో బాను ముష్తాక్ 'హార్ట్ ల్యాంప్'కు ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. కన్నడ కథలు, దీపా భాస్తి అనువాదం. యాభై వేల పౌండ్లు రచయిత్రికీ అనువాదకురాలికీ చెరి సగం. అనువాదకుల పేరు అట్ట మీద వేయడానికే వెనకాడే మన ప్రచురణకర్తలు ఆ సగం గురించి ఆలోచించాలి. ఎంతో సంతోషించాం అందరం. నేనూ పండగ చేసుకున్నాను. కానీ బాను ముష్తాక్ హాసన్‌లో ఉంటారు. ఇక్కడి నుంచి బస్సెక్కితే కొన్ని గంటలు. ఆమె దశాబ్దాలుగా రాస్తున్నారు. మనలో ఎంతమందికి ఆమె పేరు లండన్ చెబితే గానీ తెలియలేదు?

పాస్కల్ కసనోవా అని ఫ్రెంచి విమర్శకురాలు 1999లో 'ది వరల్డ్ రిపబ్లిక్ ఆఫ్ లెటర్స్' రాసింది. సాహిత్యానికి కూడా రాజధానులుంటాయి, ప్యారిస్, లండన్, న్యూయార్క్. అక్కడ ముద్ర పడితేనే మిగతా లోకానికి ఆ రచన కనిపిస్తుంది అంటుంది. నిజమే. పక్కపక్క పల్లెల్లాంటి రెండు భాషలు రాజధాని మీదుగా తప్ప కలుసుకోలేకపోవడం, అధికారం అంటే అది కూడా.

అయితే ఇంగ్లీషు మీదుగా రావడం ఎప్పుడూ తప్పేనా? కాదు. న్గూగీ వా థియాంగో కెన్యాలో కమీతి జైల్లో, టాయిలెట్ కాగితాల మీద, తన గికుయు భాషలో ఒక నవల రాశాడు. 1980లో వచ్చింది. 1982లో తనే 'డెవిల్ ఆన్ ది క్రాస్' అని ఇంగ్లీషు చేశాడు. ఆ ఇంగ్లీషు నుంచి వరవరరావు జైల్లో ఉండి తెలుగు చేశారు, 'మట్టికాళ్ల మహారాక్షసి'. ఒక జైలు నుంచి ఇంకో జైలుకు వచ్చిన పుస్తకం. గికుయు, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఎక్కడ వెతుకుతాం? అలాంటి చోట ఇంగ్లీషు వంతెనకు దండం పెట్టాలి. అలాగే 'ఏడు తరాలు', అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి చేసిన తెలుగు. ఎంతమంది తెలుగువాళ్లను మార్చిందో ఆ పుస్తకం! కన్నడానికి ఆ సాకు లేదు. లిపి దాదాపు ఒకటే. నెల రోజులు బస్సు బోర్డులు శ్రద్ధగా చదివితే వచ్చేస్తుంది.

ఇక అసలు కష్టం ఎక్కడుందో చెబుతాను, ఇక్కడ అనువాదం చేసేవాళ్లు కొందరు ఉన్నారు కాబట్టి. సిద్ధలింగయ్య 'హొలెమాదిగర హాడు' 1975. బెంగళూరు నుంచి, దళిత ఉద్యమం నడుమ నుంచి వచ్చిన పాటలు, కవితలు. తెలుగులో దళిత కవిత్వం ఒక వెల్లువగా వచ్చింది 1985లో కారంచేడులో దళితుల మీద జరిగిన దాడి తర్వాత. 'చిక్కనవుతున్న పాట' అనే దళిత కవితా సంకలనం 1995. ఆ సిద్ధలింగయ్యను మీరు తెలుగు చేయాలి. ఏ తెలుగులో చేస్తారు? పాఠ్యపుస్తకం తెలుగులో చేస్తే, ఆ కవి దేని మీద తిరగబడ్డాడో దాని చేతిలోనే అతన్ని పెట్టినట్టు అవుతుంది. అర్థం అంతా వస్తుంది, ఒక్క మాట పొల్లుపోదు, అయినా కవిత చచ్చిపోతుంది. దేవనూర మహాదేవ 'కుసుమబాలె' 1984 తీసుకోండి. నంజనగూడు వైపు దళితుల నోటి భాష, కథా పాటా కలిసిపోయి ఉంటాయి. కన్నడ పాఠకులే మొదట తడబడ్డారు. సుసాన్ డేనియల్ ఇంగ్లీషు చేసింది 2015లో గానీ రాలేదు. అలాంటి పుస్తకానికి మడకశిర తెలుగు కావాలి, పలమనేరు తెలుగు కావాలి. ఇందాక చెయ్యెత్తారే, ఆఫీసులో నోరు సర్దుకునేవాళ్లు, ఆ పని చేయగలిగింది మీరే. మీరు దాచుకున్న తెలుగే దానికి సరైన తెలుగు. కోలారులో ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదివిన మనిషికంటే పెద్ద అనువాదకుడు ఎవరు? అలాంటివాళ్లు వేలమంది ఉన్నారు ఈ ఊళ్లో. తమకు రెండు భాషలూ సగం సగం వచ్చనుకుంటూ బతుకుతున్నారు. రెండూ నిండుగా వచ్చు మీకు. దయచేసి నమ్మండి.

కాబట్టి ఒక పని పెట్టుకుందాం. వచ్చేసారి కలిసేటప్పటికి ఒక్కొక్కరు ఒక్క కన్నడ కవిత తెలుగు చేసి తేవాలి. చిన్నదైనా సరే. కన్నడం రానివాళ్లు పక్కింటివాళ్లతో, ఆఫీసులో స్నేహితులతో కూర్చోండి, వాళ్ల చేత గట్టిగా చదివించుకోండి. కవిత చెవిన పడాలి ముందు. కాగితం మీద ఇద్దరి పేర్లూ రాయండి. ఇంగ్లీషు అనువాదం ఉంటే చివర్లో చూడండి, మొదట చూడొద్దు. మీ ఇంటి తెలుగులో చేయండి. యాస ఎక్కువైందని ఎవరూ దిద్దకూడదు, ఈ గదిలో ఆ పని జరగదు.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి అని ఇందాక లోపలికి వస్తుంటే ఒకరు అడిగారు. 'గబ్బిలం'తో మొదలుపెట్టండి, గట్టిగా పైకి చదవండి. ఆ వెంటనే పఠాభి పన్నెండు కవితలు. ఆ తర్వాత లూక్స్ చిన్న పుస్తకం. బోర్దియు వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, భయపడొద్దు, ఆ పో పట్టణం సంఘటన ఉన్న అధ్యాయం ఒక్కటి చదివినా చాలు ప్రస్తుతానికి. బసవపురాణం పీఠిక మాత్రం ఒకరు చదువుతుంటే నలుగురు వినాలి, ద్విపద అలాగే అందుతుంది.

నా సమయం అయిపోయింది, నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలు తీసుకుందాం. అదిగో, చివరి వరుసలో ఆ అమ్మాయి ఎప్పటినుంచో చెయ్యెత్తి ఉంది. అడుగమ్మా.